మెషీకాలు: 1325, 80,400, దేవుడనిపించుకున్న కోర్తెస్... వీటిలో నిజమెంత?

ఇప్పటి మెక్సికో నగరం ఉన్న చోటే ఒకప్పుడు వెలసిన తెనోచ్తిత్లాన్ నగరం పుట్టి 700 ఏళ్లయిందని మెక్సికో ప్రభుత్వం రెండుసార్లు ఉత్సవాలు చేసింది. ఒకసారి 2021 మేలో, మరోసారి 2025 జూలైలో. ఈ మధ్యలో అధ్యక్షులు మారారు, లెక్కా మారింది. మొదటి లెక్క ప్రకారం నగరం 1321లో పుట్టినట్టు, రెండో లెక్క ప్రకారం 1325లో. 2021 నాటి తేదీకి సరైన ఆధారం లేదని చరిత్రకారులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. ఆ నగరం స్పెయిన్ చేతిలో పడి అదే ఏడాది ఆగస్టుకు సరిగ్గా 500 ఏళ్లు కావడంతో, రెండు సందర్భాలూ ఒకేసారి కలిసొచ్చేలా తేదీని జరిపారన్నది వాళ్ల విమర్శ.

ఒక నగరం పుట్టిన ఏడాది గురించే ఇంత తికమక ఉంటే, ఆ నగరాన్ని కట్టిన మెషీకాల గురించి మనం వింటున్న మిగతా కథల సంగతేంటి? ఒక్క గుడి ఉత్సవంలో 80 వేల మందిని బలిచ్చారని చదువుతాం. స్పెయిన్ నుంచి దండెత్తి వచ్చిన కోర్తెస్ అనే తెల్లవాడిని చూసి దేవుడనుకున్నారని, 500 మంది సైనికులు ఒక సామ్రాజ్యాన్ని కూల్చేశారని చదువుతాం. వీటిలో ప్రతిదాన్నీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ అవసరంతో చెప్పారు అని అడిగితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఎవరీ మెషీకాలు?

మనం స్కూలు పుస్తకాల్లో 'అజ్టెక్‌లు' అని చదివినవాళ్లలో ముఖ్యమైన జాతి మెషీకాలే. నాహువాత్ల్ భాష మాట్లాడే జాతులు (వీళ్లనే నాహువాలంటారు) మధ్య మెక్సికోలో చాలా ఉండేవి. తెస్కోకోలో అకోల్వాలు, అస్కపొత్సాల్కోలో తెపనెకాలు, కొండల అవతల త్లాస్కలా ప్రజలు. భాష ఒకటే, దేవుళ్లు చాలావరకు ఒకరే, కానీ ఊళ్లు వేరు, రాజులు వేరు, శత్రుత్వాలు గట్టివి. అందరినీ కలిపి 'అజ్టెక్' అనడం 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా రచయితల వల్ల పాతుకుపోయింది. ఇక్కడ మెషీకాలు అంటే తెనోచ్తిత్లాన్, దాని పక్కనే ఉన్న త్లతెలోల్కో అనే జంట నగరాల ప్రజలు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే చివర్లో ఆ సామ్రాజ్యం ఎలా కూలిందో అర్థం కాదు.

వాళ్లు చెప్పుకున్న కథ ప్రకారం వాళ్లది ఉత్తరాన ఉన్న అస్త్లాన్. కులదైవం విత్సిలోపోచ్‌త్లి దారి చూపిస్తుంటే తరాల తరబడి నడిచారు. సరస్సుల లోయకు వచ్చేసరికి మంచి నేలలన్నీ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి. చపుల్తెపెక్ కొండ దగ్గర కొన్నాళ్లు ఉండి గెంటించుకున్నారు. కుల్వకాన్ రాజు కింద కూలి సైనికులుగా బతికారు, అక్కడా చెడింది. చివరికి తెస్కోకో సరస్సులో రెల్లు మొలిచే ఒక చిత్తడి దీవిలో, నాగజెముడు చెట్టు మీద వాలిన గద్దను చూసి, దేవుడు చెప్పిన చోటు ఇదేనని ఆగిపోయారు. ఈరోజు మెక్సికో జెండా మీద ఉన్నది ఆ గద్దే.

అస్త్లాన్ ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేకపోయారు. అసలు ఉందా, పురాణమా అన్న చర్చ నడుస్తూనే ఉంది. ఉత్తరం నుంచి నాహువాత్ల్ మాట్లాడే గుంపులు విడతలు విడతలుగా దిగి వచ్చాయన్న విషయాన్ని మాత్రం భాషా శాస్త్రం బలపరుస్తోంది.

1325 అనే అంకె ఎలా వచ్చింది

ఇది అర్థం కావాలంటే వాళ్ల పంచాంగం లోపలికి కొంచెం వెళ్లాలి. వాళ్లకు రెండు లెక్కలు కలిసి నడిచేవి. ఒకటి 365 రోజుల సంవత్సరం, 20 రోజుల నెలలు 18, మీద 5 అశుభ దినాలు. రెండోది 260 రోజుల జాతక చక్రం. ఇందులో 20 గుర్తులు, 1 నుంచి 13 దాకా అంకెలు పక్కపక్కన తిరుగుతాయి. పుట్టిన పిల్లకు పేరు పెట్టాలన్నా, పెళ్లికి ముహూర్తం చూడాలన్నా ఈ రెండో చక్రమే.

సంవత్సరానికి పేరు కూడా ఈ చక్రం నుంచే వస్తుంది. 365ను 20తో భాగిస్తే 5 మిగులుతుంది, కాబట్టి ఏటా గుర్తు అయిదు స్థానాలు ముందుకు జరుగుతుంది. 20 గుర్తుల్లో అయిదేసి జరిగితే నాలుగే తగులుతాయి: రెల్లు, చెకుముకి రాయి, ఇల్లు, కుందేలు. అదే 365ను 13తో భాగిస్తే ఒకటి మిగులుతుంది, కాబట్టి అంకె ఏటా ఒకటి పెరుగుతుంది. 1519 వాళ్లకు '1 రెల్లు' సంవత్సరం. 1520 '2 చెకుముకి', 1521 '3 ఇల్లు', 1522 '4 కుందేలు', 1523 '5 రెల్లు'. పదమూడు అంకెలు, నాలుగు గుర్తులు, మొత్తం 52 జతలు. 52 ఏళ్లు నిండాక మళ్లీ మొదటికి. ఆ రాత్రి ఊరంతా నిప్పు ఆర్పేసి, కొండ మీద కొత్త నిప్పు రాజేసే దాకా లోకం నిలుస్తుందో లేదో అని ఎదురుచూసేవారు. ఆ క్రతువు చివరిసారి జరిగింది 1507లో.

చిక్కల్లా ఇక్కడే. తెనోచ్తిత్లాన్ '2 ఇల్లు' సంవత్సరంలో పుట్టిందని చాలా కథనాలు చెబుతాయి. కానీ '2 ఇల్లు' 1273లోనూ వచ్చింది, 1325లోనూ వచ్చింది, 1377లోనూ వచ్చింది. మన ప్రభవ, విభవలతో వచ్చే ఇబ్బందే ఇది. ఫలానా ఆయన విభవ నామ సంవత్సరంలో పుట్టాడంటే 1928 కావచ్చు, 1988 కావచ్చు, ఇంకో ఆధారం లేకుండా తేల్చలేం. రాజుల వరుస, వాళ్ల పాలనాకాలాలు పట్టుకుని వెనక్కి లెక్కపెట్టి పండితులు 1325 దగ్గర ఆగారు. వేర్వేరు కథనాల్లో వేరే ఏళ్లు కూడా ఉన్నాయి. ఊరికో లెక్క ఉండేదని, ఒక ఊరి '2 ఇల్లు' ఇంకో ఊరికి సరిపోలకపోవచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి 1325ను ఒప్పందం మీద వాడుతున్న తేదీగా చూడటం సబబు.

దీనికి తోడు ఇంకో అడ్డంకి ఉంది. 1420ల చివర్లో రాజైన ఇత్స్‌కోవాత్ల్ పాత చరిత్ర పుస్తకాలను తగలబెట్టించాడని మెషీకా పెద్దలే తర్వాతి తరాలకు చెప్పారు. సామాన్య జనానికి అవన్నీ తెలియాల్సిన అవసరం లేదన్నది అప్పటి నాయకుల మాట. కొత్తగా రాజ్యం చేతికొచ్చినవాళ్లు తమకు నచ్చిన గతాన్ని రాయించుకున్నారు. అంటే స్పెయిన్ వాళ్లు రాకముందే ఒకసారి వడపోత జరిగిపోయింది.

చిత్తడి దీవి మహానగరం ఎలా అయింది

ఎవరికీ అక్కరలేని ఆ దీవిలో 200 ఏళ్లు తిరగకముందే ఆనాటి ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఒకటి లేచింది. జనాభా రెండు లక్షల వరకు ఉండొచ్చని చాలామంది అంచనా వేస్తారు, అంతకన్నా బాగా తక్కువన్న లెక్కలూ ఉన్నాయి.

ఇంతమందికి తిండి పెట్టింది చినాంపాలు. వీటిని 'తేలే తోటలు' అని రాస్తుంటారు, అది తప్పు. లోతు లేని నీళ్లలో పొడవాటి మడి కొలిచి, చుట్టూ గుంజలు పాతి, తడికలు అల్లి, సరస్సు అడుగు బురదనూ కుళ్లిన నీటి మొక్కలనూ పొరలు పొరలుగా పోస్తారు. మట్టి జారిపోకుండా అంచుల వెంట ఒక రకం విల్లో చెట్లు నాటుతారు. మడి నేల మీదే ఉంటుంది, చుట్టూ కాలువ, పడవలో ఎరువు, పడవలోనే పంట. వేళ్లకు ఎప్పుడూ తడి అందుతుంది కాబట్టి వాన కోసం ఎదురు చూడక్కర్లేదు, ఏడాదికి ఒకటికి మించి పంటలు తీయొచ్చు. షోచిమిల్కోలో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఇలాగే సాగు చేస్తున్నాయి.

సరస్సు తూర్పు భాగం ఉప్పునీరు. వరదొస్తే ఆ నీళ్లు మంచినీళ్లలో కలిసి పంట చచ్చిపోయేది. దాన్ని ఆపడానికి 15వ శతాబ్దం మధ్యలో తెస్కోకో రాజు నెసవాల్‌కొయొత్ల్ పర్యవేక్షణలో దాదాపు 16 కిలోమీటర్ల కరకట్ట కట్టారు. తాగునీరు చపుల్తెపెక్ ఊటల నుంచి రెండు తూముల్లో వచ్చేది. ఒకటి శుభ్రం చేస్తుంటే రెండోదాంట్లో నీళ్లు నడిచేవి. నీళ్ల సంగతి ఇంత శ్రద్ధగా పట్టించుకున్న నగరాన్ని కూల్చి, ఆ తర్వాతి శతాబ్దాల్లో సరస్సునే తోడేశారు. ఎండిన ఆ సరస్సు మీద నిలబడ్డ మెక్సికో నగరం ఈనాటికీ ఏటా కుంగుతోంది, తాగునీటికి కటకటలాడుతోంది.

సామ్రాజ్యమా, కప్పం వసూలు చేసే కూటమా?

మొదటి వంద ఏళ్లు మెషీకాలే అస్కపొత్సాల్కోకు కప్పం కట్టారు. 1426లో అక్కడి ముసలి రాజు తెసొసొమోక్ చనిపోయాడు, వారసుల తగాదా మొదలైంది. ఆ సందులో ఇత్స్‌కోవాత్ల్, నెసవాల్‌కొయొత్ల్ చేతులు కలిపి 1428లో అస్కపొత్సాల్కోను పడగొట్టారు. తెనోచ్తిత్లాన్, తెస్కోకో, త్లకోపాన్ మూడూ కూటమి కట్టాయి. వచ్చిన కప్పంలో మొదటి రెండు నగరాలకు అయిదింట రెండేసి వంతులు, త్లకోపాన్‌కు ఒక వంతు. పోనుపోను తెనోచ్తిత్లాన్ మాటే చెల్లింది.

ఓడిన రాజును చాలాచోట్ల దింపేసేవాళ్లు కాదు. గద్దె మీద అతణ్నే ఉంచి, కప్పం కట్టించుకుని, యుద్ధానికి మనుషుల్ని అడిగేవారు. 1540ల ప్రాంతంలో స్పెయిన్ రాజు కోసం స్థానిక చిత్రకారులు తయారుచేసిన మెందోసా చిత్రగ్రంథంలో ఏ ప్రాంతం ఏమివ్వాలో బొమ్మలతో పద్దు ఉంది. దక్షిణాన షొకొనొచ్కో నుంచి కోకో గింజలు, పక్షి ఈకలు, జాగ్వార్ చర్మాలు. తొచ్‌తెపెక్ నుంచి ఇతర సరుకులతో పాటు 16,000 రబ్బరు బంతులు. పద్దు ఇంత పక్కాగా ఉన్నా, సైన్యం వెనక్కి వెళ్లాక సామంతుడి విధేయత ఎంత అనేది ఎప్పుడూ సందేహమే.

ఇల్లు, బడి, సంత

అదే మెందోసా గ్రంథంలో పిల్లల పెంపకం బొమ్మలున్నాయి. నన్నడిగితే గ్రంథం మొత్తంలో మనసుకు దగ్గరయ్యేవి అవే. మూడేళ్ల బిడ్డకు పూటకు సగం మొక్కజొన్న రొట్టె. నాలుగైదేళ్లకు ఒకటి. ఆరు నుంచి పన్నెండు దాకా ఒకటిన్నర. పదమూడుకు రెండు. ప్రతి బొమ్మలోనూ పిల్లల పక్కన రొట్టె గీసి మరీ చూపించారు. పదకొండేళ్ల పిల్లాడు మాట వినకపోతే మండుతున్న మిరపకాయల పొగ మీద తండ్రి వాణ్ని పట్టుకున్నాడు, పిల్లాడి కళ్ల నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. పక్క బొమ్మలో ఆడపిల్లకూ అదే శిక్ష.

పెద్దింటి పిల్లలు, పూజారులు కాబోయేవాళ్లు ఒక రకం బడికి, మామూలు ఇళ్ల మగపిల్లలు యుద్ధం నేర్పే ఇంకో రకం బడికి వెళ్లేవారు. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బడం ఇంటింటి పని. ఆ సున్నం వల్లే గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఈ పద్ధతి నేర్చుకోకుండా మొక్కజొన్న మీదే బతికిన చాలా దేశాల పేదలు తర్వాత పెల్లాగ్రా జబ్బుతో అల్లాడిపోయారు.

త్లతెలోల్కో సంతకు రోజూ 60 వేల మంది వస్తారని కోర్తెస్ రాశాడు. అంకె పెంచి చెప్పి ఉండొచ్చు, కానీ అంత పెద్ద సంత తాము ఎక్కడా చూడలేదని అతనితో వచ్చినవాళ్లూ చెప్పారు. చిల్లర డబ్బు కోకో గింజలు. స్పెయిన్ పాలన వచ్చాక 1545లో త్లాస్కలాలో రాసిన ఒక ధరల పట్టికలో టర్కీ పెట్టకు 100 మంచి గింజలు, గుడ్డుకు 3, అప్పుడే కోసిన అవకాడోకు 3, పెద్ద టమాటాకు ఒకటి అని ఉంది. గింజలోని పప్పు తీసేసి వేరేది కూరి మోసం చేసేవాళ్ల గురించి కూడా నాటి రాతల్లో ఉంది.

టమాటా, మిరప, మొక్కజొన్న, సపోటా అన్నీ అటు నుంచి సముద్రాలు దాటి మన వంటింటికి వచ్చినవే. బతుకమ్మలో పేర్చే, దసరాకు గుమ్మానికి కట్టే బంతిపూలదీ మెక్సికోయే. మెషీకాలు వాటిని దేవతల పూజల్లో వాడేవారు.

నరబలి: లెక్కలు, ఎముకలు, వాదనలు

ఇక అన్నింటికన్నా ఉద్రేకాలు రేపే విషయం. 1487లో రాజు అవిత్సోత్ల్ పెద్ద గుడిని విస్తరించి ప్రతిష్ఠ చేసినప్పుడు నాలుగు రోజుల్లో 80,400 మందిని బలిచ్చారని 16వ శతాబ్దపు పాద్రీ దియెగో దురాన్ రాశాడు. లెక్కేసి చూద్దాం. నాలుగు రోజులంటే రోజుకు 20,100. రాత్రీపగలూ ఆపకుండా చేసినా గంటకు 837, నిమిషానికి దాదాపు 14 మంది. చాలా బలిపీఠాలు ఒకేసారి నడిచాయనుకున్నా, అంతమంది బందీలను నగరంలోకి తేవడం, తిండి పెట్టడం, కాపలా కాయడం, శవాలను తరలించడం ఎలా? నగర జనాభా రెండు లక్షలనుకుంటే బందీలే అందులో అయిదింట రెండు వంతులు అవుతారు. మరో చిత్రగ్రంథం ఇదే ఉత్సవానికి 20 వేలంటుంది. ఈ అంకెలను యథాతథంగా నమ్మే చరిత్రకారులు ఈరోజు చాలా తక్కువ.

అయితే ఇదంతా స్పెయిన్ వాళ్లు దండయాత్రను సమర్థించుకోవడానికి అల్లిన కట్టుకథ అనే వాదన కూడా నిలబడదు. అనుమానానికి కారణం ఉంది, నిజమే. బలులను ఎంత భయంకరంగా చూపిస్తే ఆక్రమణ అంత ధర్మబద్ధంగా కనిపిస్తుంది. కానీ తవ్వకాలు ఇంకో మాట చెబుతున్నాయి. 1978 ఫిబ్రవరిలో మెక్సికో నగరం నడిబొడ్డున కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే 3 మీటర్లకు పైగా వెడల్పున్న గుండ్రటి రాయి బయటపడింది. దాని మీద కాళ్లూ చేతులూ తెగిన చంద్రదేవత కొయొల్‌షావ్‌కి. దాంతో ఎదువార్దో మాతోస్ మొక్తెజుమా నాయకత్వంలో పెద్ద గుడి తవ్వకం మొదలైంది. అక్కడ ఒక గుంతలో 42 మంది పిల్లల ఎముకలు దొరికాయి. వాన దేవుడు త్లాలోక్‌కు అర్పించినవి. 1450ల తొలినాళ్ల కరువుతో పరిశోధకులు దీన్ని ముడిపెడుతున్నారు. 2015లో పుర్రెల వరుస, దాని పక్కన సున్నంతో అతికి కట్టిన పుర్రెల గోపురం దొరికాయి. 2020 నాటికి 600కు పైగా పుర్రెలు లెక్కతేలాయి. యుద్ధంలో దొరికిన మగవాళ్లవి మాత్రమే ఉంటాయనుకుంటే, ఆడవాళ్లవీ పిల్లలవీ ఉన్నాయి. కోర్తెస్ వెంట వచ్చిన ఆంద్రెస్ దె తాపియా అక్కడ 136,000 పుర్రెలు లెక్కపెట్టామన్నాడు. దొరికినవి దానికి దరిదాపుల్లో లేవు. కాకపోతే పైన భవనాలుండటం వల్ల తవ్వింది కొంత భాగమే.

ఎందుకు చేశారన్న దానిపై అభిప్రాయాలు వేరు. దేవతలు తమ రక్తం ధారపోసి సూర్యుణ్ని నడిపించారు, ఆ రుణం మనుషులు తీర్చాలి అన్నది మెషీకాల నమ్మకం. సామంతుల రాజులను పిలిచి కూర్చోబెట్టి ఇవన్నీ చూపించేవారు కాబట్టి, భయపెట్టి లొంగదీసే రాజకీయం ఇదని కొందరంటారు. మాంసకృత్తుల కొరత వల్ల నరమాంసం తినాల్సి వచ్చిందని 1977లో మైకేల్ హార్నర్ అనే మానవ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మొక్కజొన్న, చిక్కుళ్లు, తోటకూర గింజలు, సరస్సులోని చేపలు, పక్షులు ఉండగా ఆ కొరతే లేదని మరుసటి ఏడాదే దీటైన జవాబు వచ్చింది. నాకైతే మొదటి రెండు కారణాల మధ్య పేచీ కనిపించదు. భక్తీ, అధికారమూ అక్కడ ఒకే గుడి మెట్లు ఎక్కాయి. ఒక మాట కూడా చెప్పాలి: ఈ బలులు మెషీకాలకే పరిమితం కాదు, వాళ్ల శత్రువులైన త్లాస్కలా వాళ్లూ ఇచ్చేవారు.

కోర్తెస్‌ను దేవుడనుకున్నారా? 500 మందితోనే గెలిచాడా?

1519లో '1 రెల్లు' సంవత్సరం వచ్చింది. అది కెత్సల్కోవాత్ల్ దేవుడితో ముడిపడ్డ ఏడాదని, అదే ఏడాది కోర్తెస్ దిగడంతో రాజు మొక్తెజుమా అతణ్ని తిరిగొచ్చిన దేవుడనుకున్నాడని ప్రసిద్ధ కథ. 1520 అక్టోబరులో కోర్తెస్ తన రాజుకు రాసిన ఉత్తరంలో, తూర్పున వెళ్లిపోయిన పూర్వ ప్రభువు వంశం తిరిగొస్తుందని మొక్తెజుమా అన్నట్టు ఉంది. కెత్సల్కోవాత్ల్ పేరు అందులో ఎక్కడా లేదు. రాజ్యాన్ని తనంత తానే అప్పగించాడని చూపించుకోవడం కోర్తెస్‌కు చట్టపరంగా అవసరం కూడా. దేవుడి కథ పూర్తి రూపంలో కనిపించేది దశాబ్దాల తర్వాత, సహగూన్ అనే పాద్రీ నాహువా పండితులతో కలిసి 1570లలో పూర్తిచేసిన ఫ్లోరెన్స్ గ్రంథంలో. స్థానికులే చెప్పారు కదా, నమ్మాలి అనేవాళ్లున్నారు. ఓడిపోయిన తరం పిల్లలు ఆ ఓటమికి అర్థం వెతుక్కుంటూ, క్రైస్తవ బడిలో చదువుకుంటూ చెప్పిన మాట అది అనేవాళ్లున్నారు. ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు రెండో వైపే మొగ్గుతున్నారు.

కోర్తెస్ వెంట సుమారు 500 మంది, 16 గుర్రాలు వచ్చిన మాట నిజం. 1519 నవంబరు 8న నగరంలోకి అడుగుపెట్టేసరికి మాత్రం అతని వెనక వేల మంది త్లాస్కలా యోధులున్నారు. మెషీకాలు చుట్టుముట్టి, ఉప్పు, పత్తి అందకుండా చేసిన రాజ్యం త్లాస్కలా. నాహువాత్ల్, మాయా భాషలు రెండూ వచ్చిన మలింత్సిన్ అనే బానిస యువతి లేకపోతే ఆ పొత్తు కుదిరేదే కాదు. 1520 మేలో ఉత్సవంలో నాట్యం చేస్తున్న నిరాయుధులను కోర్తెస్ అనుచరుడు అల్వరాదో ఊచకోత కోశాడు, నగరం తిరగబడింది. మొక్తెజుమా చనిపోయాడు. సొంత జనం రాళ్లు విసిరారని స్పెయిన్ కథనం, స్పెయిన్ వాళ్లే పొడిచి చంపారని నాహువా కథనం. జూన్ 30 రాత్రి కోర్తెస్ సైన్యం చావుతప్పి పారిపోయింది.

యుద్ధం అక్కడితో ముగిసిపోయి ఉండేదేమో. ఆ శరదృతువులో మశూచి వచ్చింది. ఎన్నడూ చూడని రోగం, వంట చేసిపెట్టే మనిషి కూడా లేక ఆకలితో చచ్చినవాళ్లు ఎందరో. కొత్త రాజు క్విత్లావాక్ కూడా పోయాడు. 1521 మేలో కోర్తెస్ 13 పడవలు, కొన్ని వందల మంది స్పెయిన్ వాళ్లు, పదుల వేల మంది స్థానిక మిత్రసైన్యంతో వచ్చి చపుల్తెపెక్ నీళ్లు తెంపేశాడు. కూటమిలో భాగమైన తెస్కోకో నుంచే ఒక వర్గం అటు చేరింది. ఆగస్టు 13న, క్విత్లావాక్ తర్వాత రాజైన క్వావ్‌తెమోక్ పట్టుబడ్డాడు. ఒక విదేశీ దండయాత్ర, ఒక సామంతుల తిరుగుబాటు, ఒక మహమ్మారి మూడూ కలిసి ఆ నగరాన్ని కూల్చాయి. త్లాస్కలా వాళ్లను 'ద్రోహులు' అనే మాట మెక్సికోలో ఇప్పటికీ వినిపిస్తుంది. 1519లో మెక్సికో అనే దేశమే లేదు, వాళ్లు పోరాడింది తమ శత్రువు మీద. తర్వాతి మూడు వందల ఏళ్ల పరాయి పాలనను వాళ్లు ఊహించలేకపోవడాన్ని ద్రోహం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ తర్వాత వాళ్లు ఏమయ్యారు

మెషీకాలు మాయమైపోలేదు. 1545లో, 1576లో వచ్చిన మహమ్మారులు జనాన్ని ఊడ్చేసినా, మిగిలినవాళ్లు లాటిన్ లిపి నేర్చుకుని తమ నాహువాత్ల్‌లోనే వీలునామాలు, భూమి దస్తావేజులు, కోర్టు అర్జీలు, ఏటేటి చరిత్రలు రాసుకున్నారు. 17వ శతాబ్దం మొదట్లో మెక్సికో నగరంలోని ఒక చర్చిలో పనిచేస్తూ చిమల్పాయిన్ అనే నాహువా రచయిత పాత బొమ్మల పుస్తకాలు, పెద్దల మాటలు పోగుచేసి వంశాల చరిత్రలు రాశాడు. గత యాభై ఏళ్లుగా చరిత్రకారులు స్పానిష్ రాతలతో పాటు ఈ నాహువాత్ల్ కాగితాలను కూడా చదవడం మొదలుపెట్టాకే, పైన చెప్పిన చాలా కథలు తిరగబడ్డాయి. 2020 జనాభా లెక్కల్లో 16 లక్షలకు పైగా మెక్సికన్లు నాహువాత్ల్ మాట్లాడతామని నమోదు చేయించుకున్నారు. ప్వెబ్లా, వెరాక్రూస్, ఇదాల్గో, గెరెరో కొండ ఊళ్లలో వాళ్లు ఎక్కువ. మెక్సికో నగరం దక్షిణపు అంచున ఉన్న మిల్పా అల్తాలో కూడా ఆ భాష ఇంకా వినిపిస్తుంది.